ఎడారి కొండల ఆనవాళ్లు

జోధ్‌పూర్ నగరానికి వెళ్లినవారు మెహరాన్‌గఢ్ కోటను తలెత్తి చూస్తారు. 1459లో రావ్ జోధా పునాది వేసిన ఆ కోట గోడల ఎత్తును గురించి, ఏనుగులు ఢీకొనకుండా తలుపులకు దిగగొట్టిన ఇనుప మేకులను గురించి, లోపలి మహళ్ల నగిషీ పనిని గురించి చెప్పేవారికి కొదవ లేదు. కోట అడుగున ఒక్క నిమిషం నిలిచి రాతిని చూసేవారు మాత్రం అరుదు. భూగర్భ శాస్త్రవేత్త చూపు మొదట ఆగేది అక్కడే.

అక్కడ రెండు రకాల రాళ్లు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. కింద ఉన్నది ఎరుపు, గోధుమ వన్నెలు కలిసిన గట్టి రాయి. దాని పేరు రయోలైట్. పైన ఉన్నది పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుకరాయి. కిందిది నిప్పులో పుట్టింది, పైది నీటిలో పుట్టింది. సుమారు 75 కోట్ల సంవత్సరాల క్రితం పశ్చిమ రాజస్థాన్‌లో అగ్నిపర్వతాలు బద్దలై, లావా, బూడిద విస్తారంగా పరచుకొన్నాయి. ఆ శిలలు నేడు దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో, కొంత బయటికి కనిపిస్తూ, కొంత ఇసుక కింద దాగి ఉన్నాయి. బాడ్‌మేర్ వైపున ఉన్న పాత మలానీ పరగణా పేరిట వీటిని మలానీ శిలలు అంటారు. లావా చల్లారిన తరువాత కోట్ల సంవత్సరాల పాటు ఎండా గాలీ వానా ఆ నేలను అరగదీశాయి. ఆపైన నీరు వచ్చి ఇసుకను పరచింది. రెండు శిలల నడుమ కనిపించే ఆ సన్నని గీతలో 10 కోట్ల సంవత్సరాలకు మించిన కాలం ఇమిడి ఉన్నది.

తిరుమల ఘాట్ రోడ్డులో ప్రయాణించిన తెలుగువారికి ఇటువంటి దృశ్యం కొత్తది కాదు. అక్కడ అతి ప్రాచీనమైన గ్రానైట్, నైస్ శిలల మీద నగరి స్ఫటికశిలల పొరలు కూర్చొని ఉన్నాయి. ఆ రెంటి మధ్య కాలవ్యవధి ఇంకా పెద్దది. తిరుమలలోని ఆ సంధినీ, జోధ్‌పూర్‌లోని ఈ సంధినీ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించింది.

జోధ్‌పూర్‌కు తూర్పున, గుజరాత్ అంచు నుంచి ఢిల్లీ దాకా దాదాపు 700 కిలోమీటర్ల పొడవున ఆరావళి శ్రేణి సాగుతుంది. రాజస్థానీ భాషలో దీనిని ‘ఆడావళా’ అంటారు. ‘ఆడా’ అంటే అడ్డంగా ఉన్నది. మన ‘అడ్డం’ అనే మాటకు ధ్వనిలోనూ అర్థంలోనూ ఎంతో దగ్గరగా వినిపిస్తుంది. ఎడారికీ తూర్పు మైదానాలకూ నడుమ అడ్డంగా పడుకొన్న ఈ కొండలకు పల్లెవాసులు పెట్టిన పేరు పండితులు చెప్పే వ్యుత్పత్తులకంటె సార్థకంగా ఉన్నది. అబూ పర్వతం మీది గురుశిఖరం 1722 మీటర్లు. తక్కిన శ్రేణిలో చాలా భాగం అంతకంటె ఎంతో తక్కువ. హిమాలయాలతో పోల్చి వీటిని గుట్టలని చులకన చేసేవారున్నారు. అయితే ఆరావళి శిలలు సుమారు 200 కోట్ల సంవత్సరాల నాటివి. వాటికి పునాదిగా ఉన్న మేవాడ్ నైస్ శిలలలో 300 కోట్ల సంవత్సరాలు దాటినవి కూడా ఉన్నాయి. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల సంవత్సరాలు మాత్రమే. ఆరావళి పొట్టిదిగా కనిపించడానికి కారణం దాని వృద్ధాప్యం.

ఈ సంగతులు ఒక్కనాడు తేలినవి కావు. 19వ శతాబ్దం చివరి భాగంలో బ్లాన్‌ఫర్డ్, హాకెట్ వంటి సర్వేక్షకులు ఈ ప్రాంతంలో తిరిగారు. 1902లో లా టూష్ పశ్చిమ రాజపుతానా భూగర్భ వివరణను ప్రచురించాడు. 1934లో బి.సి. గుప్తా మధ్య మేవాడ్‌ను గురించి వ్రాశాడు. హెరన్ కొన్ని దశాబ్దాల కృషిని 1953లో ఒక బృహద్గ్రంథంగా వెలువరించాడు. సుత్తి, భూతద్దం, పొరల వాలును కొలిచే దిక్సూచి, పటం - ఇవే వారి పనిముట్లు. నేడు రాతిలోని జిర్కాన్ అనే చిన్న స్ఫటికంలో యురేనియం ఎంత మేరకు సీసంగా మారిందో కొలిచి వయస్సు కట్టగలుగుతున్నారు. అయినా ఏ రాయి ముక్కను ప్రయోగశాలకు పంపాలో నిర్ణయించడానికి ఇప్పటికీ కొండ ఎక్కవలసిందే.

ఈ నేల చరిత్రలో వింతలు అనేకం. ఫలోదీ సమీపంలోని బాప్ గ్రామం దగ్గర, మండే ఎండలో, సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటి హిమానీనదాలు ఈడ్చి తెచ్చిన బండరాళ్లు పడి ఉన్నాయి. కొన్నింటి మీద మంచు రాపిడి చేసిన గీతలు ఉన్నాయి. మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకు అడుగున కనిపించే బండరాతి పొర కూడా ఆ మంచుయుగానిదే. జైసల్మేర్‌కు 17 కిలోమీటర్ల దూరంలోని అకల్‌లో రాయిగా మారిన చెట్ల మానులు సుమారు 18 కోట్ల సంవత్సరాలుగా పడి ఉన్నాయి. ఎడారిలో వృక్షం ఎక్కడిదని అడిగేవారికి అవే సమాధానం.

ఉదయపూర్ సమీపంలోని జావర్ కథ వేరు. అక్కడి ముడిఖనిజంలో జింకు ఉన్నది. దానినే యశదం అని మన పూర్వులు పిలిచారు. జింకును వేరుచేయడం మిక్కిలి కష్టం. ముడిఖనిజం నుంచి అది విడివడే వేడికి 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది; ఆవిరి గాలి తగిలిన వెంటనే బూడిదగా మారుతుంది. జావర్ లోహకారులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, ఖనిజం నింపి, మూతిని కిందికి ఉంచి కొలిమిలో బోర్లించేవారు. మూతిలో ఒక పుల్ల గుచ్చేవారు. బోర్లించినప్పుడు ఖనిజం జారిపడకుండా అది ఆపేది. తరువాత మాడిపోయి ఆవిరికి దారి ఇచ్చేది. పైన నిప్పు, కింద చల్లని గది. గాలి తగలకుండా ఆవిరి కిందికి దిగి లోహమై చుక్కలుగా రాలేది. రసరత్నసముచ్చయంలో ‘వృంతాక మూష’ అని వర్ణించినది ఇదే, వృంతాకమంటే వంకాయ. 1983లో జరిగిన తవ్వకాలలో ఒక్కొక్క దానిలో 36 మూసలు అమర్చిన కొలుములు బయటపడినప్పుడు గ్రంథంలోని మాట నేల మీద రుజువైంది. బ్రిస్టల్ నగరంలో విలియం ఛాంపియన్ ఇటువంటి పద్ధతికే పేటెంటు పొందినది 1738లో. జావర్‌లో అప్పటికే కొన్ని శతాబ్దాలుగా ఈ పని సాగుతున్నది. వాడి పారవేసిన మూసలను ఇటుకలుగా పేర్చి కట్టిన గోడలు అక్కడ నేటికీ ఉన్నాయి.

రాతిని గురించిన జ్ఞానం పుస్తకాలలోనే ఉన్నదనుకోరాదు. 2006లో మెహరాన్‌గఢ్ పక్కన, విదేశీ ముళ్లతుమ్మ కమ్మివేసిన రాతినేలలో ఎడారి మొక్కల ఉద్యానం నెలకొల్పే పని ప్రారంభమైంది. ముళ్లతుమ్మ వేళ్లు రయోలైట్ పగుళ్లలో లోతుగా దిగి ఉన్నాయి. ఆ వేళ్లను పెకలించడానికి, కొత్త మొక్కలకు గుంటలు తీయడానికి తరతరాలుగా రాయి కొట్టే ఖండ్‌వాలియాలను పిలిచారు. వారు సుత్తితో బండను తట్టి, ఆ శబ్దాన్ని విని, లోపల పగులు ఎక్కడున్నదో, రాయి ఎక్కడ మెత్తగా ఉన్నదో చెప్పగలిగారు.

ఆ సుత్తులే నేడు కొండలను తరుగుతున్నాయి. యంత్రాలు తోడైన తరువాత వేగం హెచ్చింది. రాజస్థాన్ ఆరావళిలో నమూనాగా పరిశీలించిన 128 కొండలలో 31 మాయమైనట్లు 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2025 నవంబరులో, పరిసర నేలకంటె 100 మీటర్లు లేదా అంతకు మించి ఎత్తున్నదే ఆరావళి కొండ అనే నిర్వచనాన్ని న్యాయస్థానం అంగీకరించింది. ఆందోళన వ్యక్తం కాగా డిసెంబరులో ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. భూగర్భ శాస్త్ర దృష్టిలో ఎత్తు సరియైన కొలబద్ద కాదు. అరిగి అరిగి మిగిలిన పర్వతానికి, 30 మీటర్ల గట్టు కూడా వేరుభాగమే. వాన నీటిని భూమిలోకి దించేదీ పగుళ్లున్న ఆ గట్టే.

ఐతే గనిని నిషేధిస్తే సరిపోతుందని చెప్పడం సులభం. ఆ రాయి మీద బ్రతికే కుటుంబాలు ఎన్నో. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికుల కోసం రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ప్రత్యేక విధానాన్నే తేవలసి వచ్చింది. పరిశోధకునికి కూడా గనితో చిక్కు ఉన్నది. జోధ్‌పూర్ శివార్లలోని సూర్‌సాగర్ ఇసుకరాతి గనులలో, పలుగుతో పొరను ఎత్తినప్పుడే, 50 కోట్ల సంవత్సరాలకు పూర్వపు మెత్తని జీవుల ముద్రలు, నాటి సూక్ష్మజీవుల చాపలు వెలుగు చూశాయి. గని తవ్వకపోతే అవి కనిపించేవి కావు. తవ్విన మరునాడే ఆ పలక లారీ ఎక్కుతుంది. అంతలోపల ఎవరైనా వంగి చూస్తే సరి, లేకుంటే అది ఏ ఇంటి వసారాలోనో నేలబండగా పరచుకొంటుంది.