గాజు బిగిసిన చేయి



హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు చెంతనున్న లాడ్ బజారు గాజులకు ప్రసిద్ధి. అచ్చటి లక్కగాజులను మీలో పలువురు చూచియే యుందురు. ఒక చేతికి సులువుగా ఎక్కిన గాజు రెండవ చేతికి బిగిసినచో అది గాజుల కొలత తప్పు కాకపోవచ్చును. రొమ్ము రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, శస్త్రచికిత్స జరిగిన స్త్రీ విషయమున అది ఒక హెచ్చరిక.

రక్తనాళములనుండి ఊరిన నీరు శోషరసమను పేర సన్నని కాలువలగుండ మరల రక్తములో కలియుచుండును. చేతి కాలువలు చంకలోని గ్రంథులగుండ పోవును. వైద్యులు వ్యాధి నిమిత్తము ఆ గ్రంథులను తీసివేసినను, అచ్చట కిరణచికిత్స చేసినను, తూము పూడిన పొలమువలె చేతిలో నీరు నిలువవచ్చును. బోదకాలునందు పురుగు చెరచునదియు ఈ కాలువలనే. వాపు కొన్ని నెలలకో, యేండ్లకో పొడచూపును.

దీనికి చికిత్స నాలుగు విధములు. చర్మమును శుభ్రముగా, పగులకుండ కాపాడుట మొదటిది. రెండవది మృదుమర్దనము. డెన్మార్కు దేశీయుడగు ఎమిల్ వోడర్ 1930వ దశకమున దీనిని ప్రచారమునకు తెచ్చెను. ఇది నూనె పోసి పిసుకుట కాదు. నేర్చినవారు చర్మమును మెల్లగా జరుపుచు నీటిని మంచి కాలువలవైపు నడుపుదురు. మూడవది పొరలుపొరలుగా కట్టు, వాపు తగ్గిన పిమ్మట కొలతకు తగిన బిగుతు తొడుగు. నాలుగవది వ్యాయామము: పిడికిలి ముడిచి విప్పుట, మోచేయి వంచి చాచుట, భుజము త్రిప్పుట.

ఆ చేతితో బరువు ముట్టరాదని పూర్వము చెప్పెడివారు. నేర్పరుల పర్యవేక్షణలో క్రమక్రమముగా బరువులెత్తిన స్త్రీలకు వాపు హెచ్చలేదని 2009లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపెను. వాపు పూర్తిగా మాయమగునని చెప్పజాలము. తొలిదశలో పట్టుకొన్నచో అదుపులో నుండును.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాలకుగాని, మరి యే ఆసుపత్రికిగాని శస్త్రచికిత్సకై పోయినవారు ఇల్లు చేరకమునుపే చేతి వ్యాయామములను అడిగి నేర్చుకొనవలెను. క్రొత్తగా వాపు వచ్చినచో వైద్యునికి చూపవలెను. వ్యాధి తిరుగబెట్టినను వాపు రావచ్చును. చేయి ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము వచ్చినచో ఆనాడే పోవలెను.

పెద్దలారా, మన యిండ్లలో స్త్రీలు ఇట్టి చేతిని పైట చాటున దాచుకొందురు. ఖర్చునకు జంకి నోరు మెదపరు. మీరే ముందుగా అడుగుడు. నెలకొకసారి నూలుదారముతో రెండు చేతులను ఒకేచోట కొలుచుకొమ్మని చెప్పుడు. తేడా కనబడిననాడు బండి ఛార్జీలిచ్చి తోడు పంపుడు. ఇన్నాళ్ళు మీకు అన్నము వడ్డించిన చేయి అది.