పాత కారునకు పాత మోటారు



మీ యింట చదువుకొన్న మనుమడొకడు, పెరటిలో మూలపడియున్న పాత మారుతి కారును చూపి, "తాతయ్యా, దీని యింజను తీసివేసి కరెంటు మోటారు పెట్టెదను, కొంచెము సొమ్మిప్పించు" మని యడిగినచో, అది నవ్వి త్రోసిపుచ్చదగిన మాట కాదు. విద్యుచ్ఛక్తితో బండి నడపుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1899లోనే కమీల్ జెనాట్జీ యను బెల్జియము దేశస్థుడు పారిసునగర సమీపమున బ్యాటరీల బండి నెక్కి గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. అంతకు పూర్వము రోడ్డుమీద ఏ మోటారుబండియు నంత వేగము నందుకొని యుండలేదు. కావున కారు నడచునా యను సందేహ మక్కరలేదు. ఇచ్చిన సొమ్ము నిలుచునా, మునుగునా యనునది మాత్రము చాలవరకు మోటారు నెంచుకొనుటను బట్టి యుండును.

మనకు చేరువనుండు మోటారు బావిమీది 5 హార్సుపవరు మోటారు. దానినే కారునకు బిగించరాదా యని మీకు తోచవచ్చును. అది 415 వోల్టుల త్రీఫేజు కరెంటుతో నిమిషమునకు సుమారు 1440 చుట్లు చొప్పున, దాదాపు ఒక్క వేగముననే తిరుగునట్లు చేసినది. బ్యాటరీనుండి వచ్చునది ఒకే దిక్కున ప్రవహించు డీసీ కరెంటు. దానిని త్రీఫేజుగా మార్చు యంత్రము కావలెను; అంత వోల్టేజీ రావలెనన్న 12 వోల్టుల బ్యాటరీలు నలువదికి పైగా కావలెను. చిన్న కారులో నవి పట్టుటయే కల్ల. ఇక బోరులో దింపు మోటారు మాట యెత్తనే వలదు. నీట మునిగియున్నంతకాలమే దానికి ప్రాణము.

తక్కువ సొమ్ముతో కార్లను మార్చుకొను వేడుకగాండ్రకు చిరకాలముగా అక్కరకు వచ్చినది ఫోర్కులిఫ్టు మోటారు. గిడ్డంగులలోను ఓడరేవులలోను బరువు నెత్తి పేర్చు బండి ఫోర్కులిఫ్టు. బ్యాటరీతో నడచు వానిలో 36 లేక 48 వోల్టుల డీసీ మోటార్లుండెడివి. ఇటీవలి బండ్లలో ఏసీ మోటార్లు వచ్చినవి గనుక పాత డీసీ బండ్లు తుక్కునకు చేరుచున్నవి. కెనడా దేశమున ఇట్టి మోటారునే ఒక చిన్న కారునకు తగిలించి, మొత్తము 700 డాలర్లకు లోపుననే నడిపించిన మిత్రులున్నారు.

ఈ మోటార్లలో సీరీసు రకము శ్రేష్ఠము. దీనిలో నడుమ తిరుగు ఆర్మేచరునకును, చుట్టునుండు ఫీల్డు చుట్లకును ఒకే కరెంటు వరుసగా ప్రవహించును. భారము హెచ్చినకొలది వేగము తగ్గి, కరెంటు పెరిగి, లాగుడు బలము మరింత హెచ్చును. బండి బురదలో దిగబడినపుడు కాడికి ఱొమ్మిచ్చి లాగు మంచి యెద్దు వంటిదన్నమాట. అయితే ఆ యెద్దునకొక దుర్గుణము గలదు. కాడి విప్పినచో నిలువదు. భారము లేకుండ పూర్తి వోల్టేజీ నిచ్చినయెడల వేగము పెరిగి పెరిగి, కమ్యుటేటరు రాగిపలకలు ఊడి పైకెగురును. ప్రక్కన నిలిచినవాని ప్రాణమునకే ముప్పు. కావున అంగడిలో పరీక్షించునపుడు మోటారును గట్టిగ కట్టివైచి, ఒక్క 12 వోల్టుల కారు బ్యాటరీతో కొద్దిసేపు మాత్రమే త్రిప్పి చూడవలెను.

విజయవాడ ఆటోనగరువంటి తావులలో మోటారు దొరికినపుడు మొదట దాని మేకుల వంక చూడుడు. నాలుగును లావుగా నున్నచో సీరీసు మోటారు కావచ్చును. రెండు లావుగను రెండు సన్నముగను ఉన్నచో ఫీల్డునకు వేరుగ కరెంటు కోరు రకము. దానికి తగిన కంట్రోలరు కూడ దొరికిననే కొనవలెను. పిమ్మట బ్రష్షుల మీది పట్టీ విప్పి కమ్యుటేటరును చూడుడు. అంతటను ఒకే తీరున ముదురు గోధుమరంగు మెరయుచున్నచో పనిచేసిన మంచి మోటారని తెలియును. అక్కడక్కడ నల్లగ కాలినను, పలకలు మెట్లుగట్టినను, మాడిన వార్నీషు వాసన వచ్చినను విడిచిపెట్టుడు. బ్రష్షులు అరిగినచో చింతలేదు, అవి మార్చుకొనునవే. లోపలి బొగ్గుపొడిని ఊదివైచి, మేకునకును ఇనుపగుల్లకును నడుమ మెగ్గరు పెట్టించి చూడవలెను. మోటార్లకు తీగచుట్టు మేస్త్రి యెవడైనను ఈ పని క్షణములో చేయగలడు. వానిని వెంటబెట్టుకొని పోవుట మేలు.

ఫోర్కులిఫ్టులో సాధారణముగా రెండు మోటార్లుండును. చక్రములను నడపునది గట్టిది. గంటసేపు తడవక మోయగల భారమే దాని పలకమీద వ్రాసియుండును. అయితే కొన్నిటికి ఒకవైపు బేరింగు ఉండదు. ఆ కొన గేరుపెట్టెలో నిలుచును. అట్టిదానికి క్రొత్త మూత చేయించవలసివచ్చును. రెండవది నూనెపంపును త్రిప్పునది. దీనికి బేరింగులు రెండును ఉండుట వాడుక, కాని ఎత్తునంతసేపే తిరుగుటకు చేసినది గనుక ఎక్కువసేపు నడపిన వేడెక్కును. ఒకే దిక్కున తిరుగవలెనని కొన్నిటిలో బ్రష్షులను కొంచెము ప్రక్కకు జరిపియుంతురు. కారు గేరుపెట్టె కోరు దిక్కు దీనితో కలియవలెను. దిక్కు మార్పవలెనని బ్యాటరీ తీగలను తారుమారు చేసినచో సీరీసు మోటారు మునుపటి దిక్కుననే తిరుగును! ఫీల్డు తీగలను మాత్రమే మార్పవలెను. ఈ సంగతి తెలియక తలపట్టుకొన్నవారు పెక్కురు.

పరిమాణమెంత? బ్యాటరీలతో 800 కిలోలు తూగు చిన్న కారును చదును రోడ్డుమీద గంటకు 45 కిలోమీటర్ల వేగమున నడపుటకు సుమారు 4 హార్సుపవరు చాలును. 48 వోల్టుల బ్యాటరీనుండి అది ఇంచుమించు 60 ఆంపియర్లు. వంతెన యెక్కునపుడును, కదలబారునపుడును ఇందుకు నాలుగైదు రెట్లు కావలసివచ్చును. అడ్డుకొలత 8 అంగుళములుండి 50 కిలోల లోపు తూగు మోటారు ఆ పెట్టును కొద్దిసేపు ఓర్చుకొనగలదు. అంతకంటె పెద్దది చవుకగ దొరికినను చిన్న కారున బరువే మిగులును.

కారు స్టార్టరు మోటారు పనికిరాదు. కొన్ని క్షణముల పనికై చేసినదది, నిమిషములలో మాడిపోవును. ప్రమాదమున పడిన నిస్సాన్ లీఫ్ వంటి కార్ల మోటారు బలమున మిన్న, 80 కిలోవాట్లది. కాని దాని బ్యాటరీ వోల్టేజీ 300కు పైమాట; తాకిన మనిషి బ్రతుకుట కష్టము. పెరటి పనికి నేనా జోలికి పోవద్దనియే చెప్పెదను.

కడపట చట్టము సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పుస్తకములోని వివరములకు భిన్నముగ బండిని ఇష్టానుసారము మార్పరాదు. ప్రభుత్వామోదము పొందిన కిట్టును అధికారమున్నవారిచేత పెట్టించి పుస్తకమున వ్రాయించుకొనిననే రోడ్డెక్కవచ్చును. తుక్కుమోటారుతో ఇంట చేసిన కారు పెరటిలోను సొంత పొలముగట్లమీదను త్రోలుటకే. పిల్లవాని చేతిలో సొమ్ము పెట్టు దినముననే ఈ మాటయు వానికి చెప్పియుంచుడు.