పుట్టుక రాయాలె, చావూ రాయాలె
(చదువు కేంద్రంలో చెప్పిన మాటలు)



పోయిన సోమవారం పలక మీద మీ పేరు, ఊరు, వయసు రాయమన్నాను. యాదికి ఉన్నదా? పేరు అందరూ రాశారు. ఊరు కూడా రాశారు. వయసు దగ్గరికి వచ్చేసరికి బలపాలు ఆగిపోయినయి.

ఒక అవ్వ, "బిడ్డా, నేను పోలీసు యాక్షన్ అయిన ఏడు పుట్టిన్నంట" అన్నది. ఇంకొక అమ్మ, "సాగరు కాలువలకు నీళ్ళు ఇడిచినప్పుడు నేను చంకబిడ్డను" అన్నది. అలంపురం దిక్కు నుంచి వచ్చిన అక్క, "కృష్ణ వరదకు మా చిన్నోడు కడుపుల ఉన్నడు" అన్నది. అందరూ నవ్వారు.

నేను మాత్రం నవ్వలేదు. ఎందుకంటే ఆ లెక్కలు తప్పు లెక్కలు కావు. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరులో జరిగింది. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. అలంపురాన్ని ముంచిన వరద 2009 అక్టోబరులో వచ్చింది. చూశారా! మీ దగ్గర లెక్క ఉన్నది. కాగితం మీద లేదు, అంతే.

నోటి లెక్కతో ఒక చిక్కు కూడా ఉన్నది. "మా బిడ్డ పీర్ల పండుగకు పుట్టింది" అంటాం. పీర్ల పండుగ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక కాలంలో వానల్లో వస్తుంది, ఒక కాలంలో ఎండల్లో వస్తుంది. ఏ సంవత్సరమో తెలియకపోతే ఏ నెలో చెప్పలేం. కురుమూర్తి జాతర అట్ల కాదు. అది ప్రతి ఏడూ దీపావళి తర్వాతనే వస్తుంది. కాబట్టి పండుగ పేరుతోపాటు సంవత్సరం కూడా రాసుకోవాలి.

ఒక అక్క కష్టం

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను. ఆ అక్క ఇక్కడనే కూర్చున్నది. "పేరు చెప్పకు, సంగతి చెప్పు" అన్నది. అందుకని చెప్తున్నాను.

పాలమూరు, దేవరకొండ దిక్కున వలస కొత్త కాదు. మన తాతలు డ్యాములు కట్టడానికి దేశమంతా తిరిగారు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇస్తే మూట కట్టుకొని పోయారు. ఈ అక్క భర్త కూడా అట్లనే పూనాకు పోయిండు. భవనం పనిలో పైనుంచి పడ్డడు. అక్కడి దవాఖానలో మూడు రోజులు ఉండి చనిపోయిండు.

రాత్రిపూట వ్యానులో శవాన్ని తెచ్చారు. తెల్లారేసరికి అంత్యక్రియలు అయిపోయినయి. దినాలు అయినయి. కాగితం సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంట్లో దుఃఖం ఉన్నప్పుడు కాగితం ఎవరికి యాదికి వస్తుంది?

తర్వాత భూమి తన పేరున చేయించుకోవడానికి పోయింది. విరాసత్ కావాలంటే మరణ ధ్రువపత్రం కావాలన్నారు. వితంతు పింఛనుకు పోతే అక్కడా అదే మాట. పంచాయతీకి వచ్చి అడిగింది. "అమ్మా, చావు మన ఊళ్ళో జరగలేదు. నేను రాయలేను" అన్నారు. అక్కకు కోపం వచ్చింది. "ఊరంతా కండ్లతో చూసింది. పూడ్చింది ఈ మట్టిలనే. ఇంకెట్ల చెప్పాలె?" అన్నది.

కానీ పద్ధతి అదే. చావు ఎక్కడ జరిగితే అక్కడనే రాయించాలి. పుట్టుక కూడా అంతే. ఊరు ఏదైనా, పుట్టిన చోటనే రాస్తారు.

మరి ఆ పెద్ద పట్నంలో ఏ దవాఖాన? అక్కకు తెలియదు. "పెద్ద దవాఖాన" అనే తెలుసు. ఒకరోజు ఇక్కడ చదువు అయినంక, పెట్టెలో ఉన్న ఒక చీటీ పట్టుకొని వచ్చింది. అది భర్త అంగీ జేబులో దొరికిందట. "ఏమున్నదో చూడు పంతులమ్మా" అన్నది. అంకెలు తనే చదివింది. నెల, తారీఖు, సంవత్సరం. కింద ఒక నంబరు. దవాఖాన పేరు ఇంగ్లీషులో ఉన్నది, నేను చదివి చెప్పిన.

అంగీని దినాల్లో పారేస్తుంటే అక్క ఊరికే దాచుకున్నది. ఆ చీటీ కూడా పోయి ఉంటే దారే లేకుండె. అప్పటికి ఏడాది దాటింది. అన్నను తోడు తీసుకొని మూడుసార్లు పూనాకు పోయింది. మూడోసారికి కాగితం చేతికి వచ్చింది. కూలి పోయింది. చార్జీలకు మేక అమ్మింది. మొదటి వారంలోనే ఎవరన్నా అడిగి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

చట్టం ఏం చెప్తున్నది?

జనన మరణాల చట్టం 1969లో వచ్చింది. దాన్ని 2023లో కొంత మార్చారు. అందులో మనకు కావలసిన మాటలు ఇవి. మెల్లగా చదవండి.

పుట్టినా, చనిపోయినా 21 రోజుల్లో చెప్పాలి. అప్పుడు పైసా ఖర్చు లేదు. రాసుకున్న వివరం కాగితం కూడా ఉచితంగా ఇవ్వాలి.

21 రోజులు దాటితే, 30 రోజుల వరకు ఆలస్య రుసుము కట్టాలి. నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్న పెద్ద అధికారి ఉత్తర్వు కావాలి. ఆలస్యం అయినకొద్దీ తిరుగుడు ఎక్కువ.

దవాఖానలో కాన్పు అయితే, చావు జరిగితే, దవాఖాన వాళ్ళే తెలపాలి. ఇంట్లో జరిగితే ఇంటివాళ్ళే తెలపాలి. మన ఊళ్ళో పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి.

బిడ్డకు పేరు పెట్టకపోయినా పుట్టుక రాయించవచ్చు. పేరు తర్వాత చేర్పించవచ్చు. ఏడాదిలోపు చేర్పిస్తే రుసుము లేదు.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు ఈ కాగితం ఇంకా ముఖ్యం. బడిలో చేరడానికి, ఓటరు జాబితాకు, సర్కారు కొలువుకు పుట్టిన తేదీ రుజువు ఇదే.

వయసు తప్పు పడితే

మన ఆధార్ కార్డులు చూడండి. ఎంతమందికి జనవరి 1 పుట్టినరోజు అని ఉన్నది? ఊరంతా ఒకటే దినం పుట్టిందా? కాదు. తేదీ తెలియదంటే అట్ల రాశారు. సంవత్సరం కూడా అందాజుగా వేశారు.

దానితో ఏమవుతుంది? రైతు బీమా 2018 ఆగస్టులో మొదలైంది. 18 ఏండ్ల నుంచి 59 ఏండ్ల వయసున్న పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా, నామినీకి 5 లక్షల రూపాయలు. వయసు చూసేది ఆధార్‌లోనే. యాభై నాలుగేండ్ల మనిషికి అరవై ఒకటి అని పడి ఉంటే ఆ ఇంటికి పైసా రాదు. మనిషి పోయినంక తప్పు దిద్దుతామంటే కుదరదు. బతికి ఉన్నప్పుడే చూసుకోవాలి. నామినీ పేరు ఎవరిది ఉన్నదో కూడా అడగండి. "ఆడోళ్ళకు ఎందుకు?" అంటే, "అనుభవించేది మేమే కదా" అనండి.

భూమి లేని కూలి ఇంటికి ఈ బీమా లేదు. ఆ మాట కూడా చెప్పాలి. పేద ఇంట్లో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏండ్ల మధ్య చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20 వేల రూపాయల సాయం ఉన్నది. దానికీ మరణ కాగితమే మొదట అడుగుతారు.

ఇంకొక మాట. పాము కరిచినా, మోటారు దగ్గర కరెంటు కొట్టినా, బాయిలో పడినా, పురుగుమందు లోపలికి పోయినా ముందు పోలీసులకు తెలపాలి. పంచనామా, శవపరీక్ష వద్దని దాచి దహనం చేస్తే తర్వాత రుజువు దొరకదు. 1998లో పత్తి పంట పోయి మన జిల్లాల్లో, వరంగల్ దిక్కున ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2004లో సర్కారు ఆ కుటుంబాలకు లక్షన్నర సాయం ప్రకటించింది. అధికారులు వచ్చి భూమి కాగితం అడిగారు, అప్పు కాగితం అడిగారు. కౌలు నోటిమాట. అప్పు షావుకారు దగ్గర. ఏ కాగితమూ లేని ఆడవాళ్ళు ఏం చూపిస్తారు?

రాస్తే ఏమొస్తది?

"పోయినోళ్ళు రారు కదా, రాస్తే ఏమొస్తది?" అని ఒక అవ్వ అడిగింది. మంచి ప్రశ్న.

మర్రిగూడ, మునుగోడు దిక్కు నడుములు వంగిన మనుషులను మీరు చూశారు. ముందు దాన్ని కర్మ అన్నారు, శాపం అన్నారు. మన జిల్లాలో అది నీళ్ళలో ఉన్న ఫ్లోరైడు వల్ల అని గుర్తించారు. తర్వాత బాయి బాయికి నీళ్ళు పరీక్ష చేశారు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాముకన్నా ఎక్కువ ఉండరాదు. ఏ ఊళ్ళో ఎంత, ఎంతమందికి, అని రాసిన లెక్కతోనే మనవాళ్ళు కృష్ణ నీళ్ళు అడిగారు. చాలా ఏండ్లు కొట్లాడారు. లెక్క లేకుంటే ఏం పట్టుకొని అడుగుతారు? ఒక ఊళ్ళో ఒక్క ఏడు ముగ్గురు బాలింతలు చనిపోతే, అది రాసి ఉంటేనే "నర్సమ్మ ఎందుకు రాలేదు, అంబులెన్సు ఎందుకు రాలేదు" అని అడగగలం.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఇది మా ఇంటి సంగతి.

రేషను కార్డులో మా అమ్మకు ఇద్దరం పిల్లలం. ఎవరన్నా అడిగితే మా అమ్మ మాత్రం "నలుగురు" అంటది. నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఒకరు తొమ్మిదో రోజున. ఒకరు పుడుతూనే. ఇద్దరూ ఇంట్లోనే పుట్టారు. ఎక్కడా రాయలేదు. చట్టం ప్రకారం ఒక్క గడియ బతికిన బిడ్డకూ పుట్టుక రాయాలి, చావూ రాయాలి. చనిపోయి పుట్టిన బిడ్డనూ రాయాలి. అప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

మొన్న రాత్రి అమ్మను కూర్చోబెట్టి నోటుబుక్కులో రాయమన్న. అమ్మ కూడా మీలాగానే కొత్తగా చదువు నేర్చుకున్నది. "పేరు పెట్టకముందే పోయింది, ఏమని రాయాలె?" అన్నది. "ఆడబిడ్డ అని రాయి" అన్న. "ఏ నెల?" అంటే, "ఆముదం గెలలు కోసేటప్పుడు" అన్నది. అదే రాసింది. రాసినంక చాలాసేపు బుక్కు మూయలేదు.

మీరు కూడా ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ. పేరు. తల్లి, తండ్రి పేర్లు. పుట్టిన తేదీ, ఊరు. తేదీ తెలియకుంటే యాదికి ఉన్న గుర్తు రాయండి. చనిపోయినవాళ్ళకు తేదీ, ఊరు, కారణం రాయండి. ఈ బుక్కు సర్కారు కాగితానికి బదులు కాదు. కానీ ఆఫీసులో అడిగినప్పుడు మీరు తడుముకోకుండా చెప్పగలుగుతారు. వలస పోయే మనిషి ఉంటే, మేస్త్రి పేరు, ఫోను నంబరు, పనిచేసే చోటు కూడా రాసి పెట్టండి. పోయేముందే రాయండి.

వచ్చే సోమవారం ఆ బుక్కు తెండి. ఆధార్ కార్డు కూడా తెండి. తేదీలు కలిసి చూద్దాం. ఎవరింట్లోనన్నా ఈ నెలలో పుట్టుకగానీ చావుగానీ ఉంటే, ఈ రాత్రే రోజులు లెక్కపెట్టండి. 21 దాటకముందే పంచాయతీకి పోదాం. తోడు కావాలంటే నేను వస్తాను.

సెలవు.