తిరుగు బస్సులో ఆపేసిన పాట



వంగపండు ప్రసాదరావు పాటలు మీరు ఫోన్లలో వినుంటారు. నేనాయన్ని ఎదురుగా చూశాను, ఏలూరులో ఒక సభలో. బుట్టాయగూడెం నుంచి గుంపుగా వెళ్లాం, బస్సులో నిలబడే. మైకు కీచుమంటోంది. ఆయన కాలిగజ్జెలు మోగాక ఇంక మైకు గొడవ ఎవరికి పట్టింది!

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయనది. విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు, 1972లో జననాట్యమండలి నెలకొల్పినవాళ్లలో ఒకరు. శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటాన్ని ఊరూరా పాడారు. ఇవన్నీ మీకు తెలిసినవే. నన్ను పట్టేసింది ఆయన యాస. ఎదురుగా కొల్లేటి లంకలవాళ్లు, తాడేపల్లిగూడెంవాళ్లు, కొండ దిగొచ్చిన మేము. అయినా తన ఊరి మాట ఒక్కటీ మార్చలేదు. మాకు అందని మాటకి అడుగేసి అర్థం చెప్పారు.

తిరుగు బస్సులో మావాళ్లు కోయపాట ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. అంతే, సిగ్గేసి ఆపేశాను. అప్పుడే కదా ఆయన్ని చూసొచ్చాను!

2020 ఆగస్టు 4న వంగపండు పోయారు. ఆ కోయపాట నాకిప్పటికీ సగమే వచ్చు. మొత్తం తెలిసిన మా అవ్వ లేదు. మీలో ఎవరింట్లో అవ్వకైనా వస్తే, సభ అయ్యాక నన్ను కలవండి.