సీసా మీద ఏం రాసి ఉంది?



దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో ఒక అవ్వ ఉందనుకోండి. అరవై దాటింది. మోకాళ్లు నొస్తున్నయి. కూసుంటే లేవలేదు. అంగడిలో ఒకాయన పొడి పొట్లాలు అమ్ముతున్నాడు. "అన్నీ ఆకులు, వేళ్లే. నెల తిను, పడుచుపిల్ల లెక్క నడుస్తవ్" అన్నాడు. అవ్వ కొన్నది. రెండు రోజులకే నొప్పి పోయింది! ఆకలి పెరిగింది. కొన్నాళ్లకు మొఖం నిండుగా అయింది. ఊరంతా మెచ్చుకున్నది.

ఆకు మందు అంత తొందరగా పని చేస్తుందా? ఇక్కడే అనుమానం రావాలి. ఇలాంటి పొడుల్లో కొందరు స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు. పరీక్షల్లో ఇది చాలాసార్లు బయటపడింది. స్టెరాయిడ్ నొప్పిని అణచిపెడుతుంది. కానీ నెలల తరబడి తింటే షుగరు, బీపీ పెరుగుతాయి. ఎముకలు గుల్లబారతాయి. అవ్వ మొఖం నిండింది బలంతో కాదు, ఉబ్బుతో. ఇంకొక మాట. నెలల నుంచి తింటున్న అలాంటి పొడిని ఒక్కసారిగా మానినా ప్రమాదమే. పొట్లం పట్టుకుని వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. ఎట్లా మానాలో డాక్టరు చెబుతారు.

ముసలితనంలో బలం కావాలన్న ఆశ ఒక్క మన దగ్గరే లేదు. చైనాలో జిన్‌సెంగ్ అనే వేరును తరతరాలుగా తింటున్నారు. ఇక్కడ అశ్వగంధ ఉంది. దాన్నే పెన్నేరు గడ్డ అంటారు. తిప్పతీగ ఉంది. ఇవి ఉత్త గడ్డీగాదం కాదు. ఒంట్లో పని చేసేవే. అందుకే జాగ్రత్త. జిన్‌సెంగ్ తింటే, రక్తం పలుచన చేసే మాత్ర సరిగా పని చేయకపోవచ్చు. అశ్వగంధ షుగరు మాత్రతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అది తినరాదు.

కరోనా కాలంలో చాలామంది తిప్పతీగ కషాయం తాగారు. 2020 చివర్లో ముంబైలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నది. తిప్పతీగ వల్లనే కావచ్చని డాక్టర్లు 2021లో రాశారు. కాదు, దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ శాఖ అన్నది. కంచె మీది తీగ తెంపి మరిగించేవాళ్లకు రెండు మాటలూ కావాల్సినవే. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా కషాయం ఆపాలి. దవాఖానకు పోవాలి.

నల్లగొండ సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఏండ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి. ఏ టానిక్కూ దాన్ని తీయలేదు. నీళ్లు కాగబెట్టినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ, వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడాలి. తైదల జావ, నువ్వులు, పాలు ఎముకలకు మంచివి.

మరి మందు కొనాలంటే? సీసా చేతిలోకి తీసుకోండి. అక్షరాలు వచ్చినయి కదా, చదవండి. చేసినవాళ్ల పేరు, ఊరు ఉండాలి. లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉండాలి. చేసిన తేదీ, గడువు తేదీ ఉండాలి. ఏమేం కలిపారో ఉండాలి. ఇంగ్లీషులో ఉంటే బడిపిల్లలతో చదివించుకోండి. బీపీ, షుగరు మాత్రలు ఇచ్చే నర్సమ్మకు ఆ సీసా కూడా చూపించండి.

అవ్వ కొన్న పొట్లం విప్పి చూస్తే పాత పేపరు ముక్క. దాని మీద చదవడానికి ఉన్నది ఒక సినిమా వార్త.