ఫోన్ తెరమీద వట్టికాళ్లు

ఫోన్లో పట్టీల ప్రకటనకు నున్నని పాదమే కావాలి. మెట్టచేలో పగిలిన మడమ కనిపించేది క్రీము అమ్మడానికి, అదీ సిగ్గుపడమన్నట్టు. చెప్పుల్లేకపోవడానికి అర్థం కాళ్లను బట్టి కాదు, మనిషిని బట్టి మారుతుంది. 2023 ఫిబ్రవరిలో అయ్యప్ప దీక్షలో ఉన్న నటుడు రామ్‌చరణ్ వట్టికాళ్లతో అమెరికా బయల్దేరితే ఆ ఫొటోలు భక్తికి గుర్తయ్యాయి. 2025 ఏప్రిల్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అల్లూరి జిల్లా పెదపాడు గిరిజనులకు చెప్పులు పంపితే, అవే వట్టికాళ్లు లేమికి గుర్తయ్యాయి. పంపింది ప్రచారానికైతేనేం, చెప్పులు దక్కాయి కదా అంటారు. దక్కాయి, మేలే. కానీ చరణ్ దీక్ష తాను కోరి పట్టింది; లేమిని ఎవరూ కోరి పట్టరు. అందుకే ఒకరి లేమిని చూపే ఫొటో పెట్టేముందు వాళ్ల అనుమతి అడగడం మర్యాద. ఇక ప్రచారం సంగతికొస్తే, డబ్బు తీసుకుని పెట్టిన పోస్టుకు ‘ప్రకటన’ అని రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టింది. రాజకీయ ప్రచారం మాత్రం దాని పరిధిలో లేదు.