పాత నాగపూరు రోడ్డు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాయువానికి ఉపన్యాసమేమిటని కొందరు నవ్వవచ్చును. నేను చెప్పబోవునదియు లెక్కయే: హైదరాబాదు నుండి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా నాగపూరునకు పోయెడు పాత రోడ్డు లెక్క.

వారణాసి మొదలు కన్యాకుమారి వరకు 2369 కిలోమీటర్లు సాగిన 7వ నెంబరు జాతీయ రహదారిలో ఇదొక భాగము. 2010లో నెంబర్లు మార్చినప్పుడు ఇది శ్రీనగరు-కన్యాకుమారి రహదారిలో కలిసి 44 అయినది. నెంబరు మారినందుకు ఎవరికిని బాధ లేదు. నాలుగు వరుసల రోడ్డు వేయుచు కామారెడ్డి, నిర్మల్ పట్టణములకు వెలుపలి నుండి బైపాసు తీసిరి. బాధ అక్కడ మొదలైనది. లారీ ఆగినచో హోటేలు. హోటేలున్నచో పాలవాడు, పంక్చరు దుకాణము, పాన్ డబ్బా, అరటిపండ్ల గంప. లారీ ప్రక్కకు పోగా ఇన్ని పద్దులును ఒకేసారి కొట్టివేయబడును. భూమి పోయినవానికి పరిహారము కలదు; బేరము పోయినవానికి లేదు.

అట్లని బైపాసును తిట్టుట న్యాయము కాదు. బడిపిల్లలకు లారీల నడుమ రోడ్డు దాటు పని తప్పినది. ఈ మాట వ్యాపారులు ఒప్పుకొనరు గాని, వారి యిండ్ల ఆడవారు ఒప్పుకొందురు.

దారులు మారుట మన సీమకు క్రొత్త గాదు. భారతమున అరణ్యపర్వమందు నలుడు దమయంతికి అవంతిని, ఋక్షవంతమును దాటి దక్షిణాపథమునకు పోవు త్రోవలు చూపును. బౌద్ధుల సుత్తనిపాతమందు గోదావరి తీరమున అశ్మకదేశమున వసించిన బావరి శిష్యులు పదునార్గురు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయినుల మీదుగా ఉత్తరమునకు నడచిరి. అశ్మక రాజధాని పోదనమే మన బోధనని పండితులనేకుల అభిప్రాయము. ఆ బాట నేడెక్కడ?

ఇందూరు సంగతి చూడుడు. పెద్ద రోడ్డు దానిని తాకక డిచ్‌పల్లి మీదుగా పోయినది. అయినను మన్మాడు రైలు వచ్చుటచే పట్టణము పెరిగినది. బోధన్ కథ వేరు. 1937లో స్థాపించిన నిజాం షుగరు ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడగా, రోడ్డు ఉన్నచోటనే ఉన్నది, ఫ్యాక్టరీకి పోవు చెరకు బండ్లు నిలిచిపోయినవి. కనుక రోడ్డొక్కటియే ఊరిని బ్రతికించునను వాదము నాకు సమ్మతము కాదు.

ఇక నా మనవి. పాత రోడ్డుమీద హోటేళ్లు, దుకాణములు నడపినవారు తమ చిట్టాలను, ఉద్దర ఖాతాలను చెదలు తినకముందే ఈ గ్రంథాలయమునకు ఈయుడు. బైపాసు తెరచిన నెలలో బేరమెంత తగ్గెనో అందు వ్రాసి యుండును. మరియొక బైపాసు కొలతలకు అధికారులు వచ్చిననాడు, బేరము పోయినవాని పక్షమున చూపుటకు మన చేత కాగితముండవలెను. బాకీదారుల పేర్లు బయటపడునని జంకువారు ఆ పేర్లపై కాగితము అతికించి యిచ్చినను సరియే. మొత్తములు కనబడిన చాలును.